ఓడిన వీరుడు – అలిగిన అభిమాని

పాఠ్యభాగ సందర్భం

గెలుపు ఓటములు క్రీడకు సహజం. అయితే ఓటమి కలిగిన క్షణం నుంచి క్రీడాకారుని మాట, నడత లోకానికి పరిశీలనాంశాలవుతాయి. ముష్టియుద్ధంలో, అందునా హెవీవెయిట్ విభాగంలో ఈ విషయం మరింత ప్రస్ఫుటంగా కనిపిస్తుంది. 2020వ సంవత్సరంలో అమెరికన్ ముష్టియోధుడు డియాంటే వైల్డర్ పొందిన పరాజయాన్ని, అనంతరం అతడి ప్రవర్తనను, దానికి అభిమానులు స్పందించిన తీరును ఆధారం చేసుకొని, ఓటమిలో పాటించవలసిన మర్యాదను వివరించడమే ఈ పాఠ్యభాగ సందర్భం.

పాఠ్యభాగం

పదునెనిమిది దినాల భారత యుద్ధం ముగియవచ్చింది. పదకొండు అక్షౌహిణుల సేన నశించింది. నిన్నటిదాకా రాజులందరి చేత మ్రొక్కులందుకొన్న రారాజు గద భుజాన పెట్టుకొని, ఒంటరిగా కాలినడకన మడుగు చేరి, ఆ నీటి అడుగున దాగాడు. నిండుసభలో కొలువుతీరిన దుర్యోధనుని కంటె ఆ మడుగులోని దుర్యోధనుడే మనకు ఎక్కువగా అర్థమవుతాడు. ఐశ్వర్యం మనిషి శక్తిని చూపితే, పరాజయం అతడి స్వభావాన్ని చూపుతుంది. మన ప్రాచీన కవులు గెలిచినవాని ఊరేగింపు కంటె ఓడినవాని ఏకాంతాన్ని శ్రద్ధగా వర్ణించడానికి కారణం ఇదే.

ఈ ఘట్టాన్ని తలపించే సంఘటన ఒకటి ఆధునిక కాలంలో అమెరికాలో జరిగింది. 1962 సెప్టెంబరు 25న చికాగో నగరంలో ప్రపంచ హెవీవెయిట్ విజేత ఫ్లాయిడ్ పాటర్సన్, సానీ లిస్టన్ అనే యోధుని చేతిలో మొదటి రౌండులోనే పడిపోయాడు. పోటీ మూడు నిమిషాలైనా సాగలేదు. పాటర్సన్ ముందే సిద్ధం చేయించుకొన్న పెట్టుడు గడ్డం ధరించి, ఎవరూ గుర్తించకుండా ఆ నగరం విడిచి వెళ్లిపోయాడు. ఆ మారువేషంతోనే కొన్నాళ్లు విదేశంలో కూడా తలదాచుకొన్నాడు. రారాజుకు మడుగు ఎటువంటిదో పాటర్సన్‌కు ఆ గడ్డం అటువంటిది. ఓటమి కలిగించిన గాయం కంటె దానిని చూసిన కన్నులే అతడిని ఎక్కువగా బాధించాయి. గెలుస్తానన్న ఆశతో బరిలోకి దిగబోయే మనిషి ఓడితే ముఖం దాచుకొనే సాధనాన్ని కూడా వెంట తీసుకువెళ్లాడంటే, ఆ భయం ఎంతటిదో ఊహించవచ్చు.

ఇంతటి భయం ఈ క్రీడలోనే ఎందుకు? క్రికెట్టులో ఓటమిని పదకొండు మంది పంచుకొంటారు. వాన కురిసిందనో, పిచ్ సహకరించలేదనో చెప్పుకొనే వీలుంటుంది. ముష్టియుద్ధంలో అటువంటి మరుగు లేదు. సుమారు ఇరవై అడుగుల చదరపు బరిలో, వేల కన్నుల ముందు, ఒక మనిషి మరొక మనిషి చేతి దెబ్బకు నేలకూలుతాడు. తొంబై కిలోలకు పైబడిన బరువు గలవారు పోటీపడే హెవీవెయిట్ విభాగంలో ఒక్క దెబ్బ చాలు, ఏళ్ల కీర్తి కూలిపోవడానికి. ఈ విభాగపు విజేతను లోకం భూమిమీది బలవంతులలో అగ్రగణ్యునిగా భావిస్తుంది. అభిమాని తన ఆశలను, ఒక్కొక్కప్పుడు తన జాతి ఆత్మగౌరవాన్ని కూడా ఆ భుజాలమీద మోపుతాడు. కాబట్టి ఆ భుజాలు కుంగినప్పుడు తానే కుంగినట్లు భావిస్తాడు.

1936 జూన్ 19న న్యూయార్క్ నగరంలో జో లూయీ అనే నల్లజాతి యువకుడు జర్మనీకి చెందిన మాక్స్ ష్మెలింగ్ చేతిలో పన్నెండో రౌండులో ఓడిపోయాడు. ఆ రాత్రి హార్లెమ్ వీధులలో వయసు వచ్చిన పురుషులు సైతం పసిపిల్లలవలె విలపించడం తాను చూశానని కవి లాంగ్‌స్టన్ హ్యూస్ తన ఆత్మకథలో రాసుకొన్నాడు. వారు విలపించింది ఒక ఆటలోని ఓటమికి కాదు. అడుగడుగునా అవమానాలు భరిస్తున్న జాతికి తలెత్తుకొనే అవకాశం కల్పించిన ఒక్కగానొక్క మనిషి పడిపోయాడన్నది వారి దుఃఖం. లూయీ ఆ ఓటమికి సాకులు వెదకలేదు. శిక్షణలో మునిగిపోయి 1937లో ప్రపంచ విజేత అయ్యాడు. 1938 జూన్ 22న అదే ష్మెలింగ్‌ను మొదటి రౌండులోనే, రెండు నిమిషాల నాలుగు సెకన్లలో ఓడించాడు.

అభిమానం కన్నీరుగా కరిగితే ప్రమాదం లేదు. అది క్రోధంగా మారితే మాత్రం ఘోరాలు జరుగుతాయి. తొడలు విరిగి నేలపై పడివున్న దుర్యోధనుని చూసిన అశ్వత్థామ ఆ దుఃఖాన్ని దిగమింగలేకపోయాడు. ఆ రాత్రే పాండవ శిబిరంలో జొరబడి, నిద్రిస్తున్నవారిని వధించాడు. 1910 జూలై 4న ఇటువంటిదే జరిగింది. నెవాడా రాష్ట్రంలోని రీనో పట్టణంలో నల్లజాతి విజేత జాక్ జాన్సన్, పూర్వ విజేత జేమ్స్ జెఫ్రీస్‌ను పదిహేనో రౌండులో ఓడించాడు. తెల్లజాతి ఆధిక్యాన్ని నిలబెట్టాలని పలువురు ప్రోత్సహించగా, విశ్రాంతి జీవితం గడుపుతున్న జెఫ్రీస్ మళ్లీ బరిలోకి దిగాడు. అతడి ఓటమి వార్త వ్యాపించగానే అమెరికాలోని అనేక నగరాలలో నల్లజాతివారిపై దాడులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. విచిత్రమేమంటే, తాను నిండు యౌవనంలో ఉన్నా జాన్సన్‌ను గెలవలేకపోయేవాడినని జెఫ్రీస్ అంగీకరించినట్లు చరిత్రకారులు చెబుతారు. ఓడినవాడు ఓటమిని ఒప్పుకొన్నాడు. ఒప్పుకోలేనిది అతడి అభిమానులే.

ఇక మనకాలపు ఉదాహరణను పరిశీలిద్దాం. అలబామా రాష్ట్రంలోని టస్కలూసాకు చెందిన డియాంటే వైల్డర్ 2008 బీజింగ్ ఒలింపిక్ క్రీడలలో కాంస్య పతకం పొందాడు. 2015లో ప్రపంచ బాక్సింగ్ మండలి హెవీవెయిట్ విజేత అయ్యాడు. అతడి కుడిచేతి దెబ్బకు తాళగలిగినవారు అరుదు. 2020 నాటికి అతడు సాధించిన 42 విజయాలలో 41 నాకౌట్లే. 2018 డిసెంబరులో బ్రిటన్ యోధుడు టైసన్ ఫ్యూరీతో జరిగిన పోటీ సమంగా ముగియడంతో, 2020 ఫిబ్రవరి 22న లాస్ వేగాస్ నగరంలో వారిరువురూ మళ్లీ తలపడ్డారు.

ఆ రాత్రి వైల్డర్ నల్లని కవచం వంటి వేషంతో, ముఖాన తొడుగుతో, మణుల మెరుపులతో బరికి నడిచివచ్చాడు. ఫిబ్రవరి మాసం అమెరికాలో నల్లజాతి చరిత్రను స్మరించుకొనే మాసం. ఆ స్మృతికి నివాళిగానే తాను దానిని ధరించినట్లు అతడు చెప్పాడు. పోరు మాత్రం ఏకపక్షంగా సాగింది. ఫ్యూరీ మూడో రౌండులోనూ, అయిదో రౌండులోనూ అతడిని నేలకూల్చాడు. వైల్డర్ చెవినుంచి రక్తం కారింది, కాళ్లు తడబడ్డాయి. ఏడో రౌండులో అతడి శిక్షకులలో ఒకరైన మార్క్ బ్రీలాండ్ తెల్ల తువ్వాలును బరిలోకి విసిరాడు. తువ్వాలు విసరడమంటే తమ యోధుని తరఫున ఓటమిని అంగీకరించడం. రిఫరీ పోటీని ఆపాడు. వృత్తి జీవితంలో వైల్డర్‌కు అది మొదటి ఓటమి.

బరిలోనే మాట్లాడిన వైల్డర్, మేలైనవాడే గెలిచాడని హుందాగా ఒప్పుకొన్నాడు. తన మూలనున్నవారు తనను చివరిదాకా పోరాడనిచ్చి ఉంటే బాగుండేదని మాత్రం అన్నాడు. అభిమానులు ఆ మాటను గౌరవించారు. కాని రెండు రోజులు గడిచేసరికి ఆ హుందాతనం నిలవలేదు. నలబై పౌండ్లకు, అంటే పద్ధెనిమిది కిలోలకు మించిన ఆ వేషం మోయడంవల్లనే తన కాళ్లలో సత్తువ హరించిందని అతడు ప్రకటించాడు. కొన్ని మాసాల తరవాత మరింత ముందుకు వెళ్లి, ప్రత్యర్థి చేతితొడుగులలో మోసం చేశాడనీ, తాను తాగిన నీటిలో ఏదో కలిపారనీ ఆరోపించాడు. తన వృత్తి జీవితపు ఆరంభం నుంచీ వెంట ఉన్న బ్రీలాండ్‌ను తొలగించాడు. ఈ ఆరోపణలను ఎదుటివారు తోసిపుచ్చారు. వాటికి రుజువేదీ చూపబడలేదు.

ఈ పరిణామానికి అభిమానులు మూడు విధాలుగా స్పందించారు. కొందరు పరిహసించారు. వేషం ధరించమని ఎవరూ బలవంతపెట్టలేదు కదా, స్వయంగా కోరి మోసిన బరువును ఓటమికి కారణంగా చూపడమేమిటని వారి ప్రశ్న. కొందరు అతడి మాటలను నమ్మి, కుట్ర జరిగిందనే వాదించారు. తమ వీరుడు ఓడాడని ఒప్పుకోవడం కంటె మోసపోయాడని నమ్మడం వారికి సులభమైంది. మూడోవారు అతడిని నిజంగా ప్రేమించినవారు, వారు నొచ్చుకొన్నారు. అతడు ఓడినందుకు కాదు, ఓటమిని తనదిగా స్వీకరించనందుకు.

ఈ మూడోవారి బాధను అర్థం చేసుకొంటే విషయమంతా బోధపడుతుంది. యోధుడు సాకు చెప్పినప్పుడు మూడు నష్టాలు కలుగుతాయి. మొదటిది, గెలిచినవాని శ్రమకు విలువ లేకుండా పోతుంది. ఫ్యూరీ ఆనాడు తన పూర్వ పద్ధతిని మార్చుకొని, వెనుకకు తగ్గకుండా ముందుకు చొచ్చుకువచ్చి పోరాడాడు. ఆ వ్యూహాన్ని ఒక వేషం బరువు కింద పాతిపెట్టడం న్యాయం కాదు. రెండోది, సాకు చెప్పినవాడు పాఠం నేర్చుకొనే అవకాశాన్ని పోగొట్టుకొంటాడు. లోపం తనలో లేదని నమ్మేవాడు దేనిని దిద్దుకొంటాడు? మూడోది, ఆ నింద ఎవరో ఒక అమాయకునిపై పడుతుంది. ఇక్కడ ఆ నింద తువ్వాలు విసిరిన శిక్షకునిపై పడింది.

ఆ తువ్వాలును గురించి కొంత వివరంగా ఆలోచించాలి. తాను యోధుడననీ, ప్రాణం పోయినా సరే పోరును ఆపించవద్దని ముందే చెప్పి ఉంచాననీ వైల్డర్ వాదన. ఈ మాటలో పౌరుషం ఉంది. కొందరు అభిమానులు కూడా దీనికే చప్పట్లు చరిచారు. కాని ఆసనంలో కూర్చుని చూసేవానికి పౌరుషంగా తోచేది బరి మూలన నిలిచినవానికి ప్రాణసంకటంగా కనిపిస్తుంది. 1962 మార్చిలో న్యూయార్క్‌లో జరిగిన పోటీలో తలపై ఎడతెగని దెబ్బలు తిన్న బెన్నీ పారెట్ అనే యోధుడు పది రోజులకు మరణించాడు. 1982 నవంబరులో లాస్ వేగాస్‌లో కొరియా యువకుడు కిమ్ డూక్ కూ పద్నాలుగో రౌండులో పడిపోయి, కొద్ది రోజులలోనే కన్నుమూశాడు. ఆ మరణం తరవాతనే ప్రపంచ బాక్సింగ్ మండలి విజేత పోటీలను పదిహేను రౌండ్ల నుంచి పన్నెండుకు తగ్గించింది. ఆనాడు ఆ మూలలనుంచి ఒక తువ్వాలు పడివుంటే ఆ ప్రాణాలు నిలిచేవేమో! బ్రీలాండ్ కూడా 1984 ఒలింపిక్ స్వర్ణ పతక విజేత. ప్రపంచ విజేతగా నిలిచిన ముష్టియోధుడు. దెబ్బ ఎక్కడ తగులుతున్నదో, దేహం ఎప్పుడు ఎదురునిలవలేకపోతున్నదో తెలిసినవాడు.

1975 అక్టోబరు 1న మనీలాలో మహమ్మద్ అలీ, జో ఫ్రేజర్‌ల మధ్య జరిగిన మూడో పోరు చరిత్రప్రసిద్ధం. పద్నాలుగు రౌండ్లు ముగిసేసరికి ఫ్రేజర్ కన్నులు వాచి చూపు ఆనడంలేదు. చివరి రౌండుకు లేవబోయిన అతడిని శిక్షకుడు ఎడీ ఫచ్ కూర్చోబెట్టాడు. ఫ్రేజర్ వద్దని ప్రాధేయపడినా వినకుండా పోటీని ఆపించాడు. మరణానికి తాను అంత సమీపానికి వెళ్లినది ఆనాడేనని గెలిచిన అలీయే తరవాత చెప్పుకొన్నాడు. మరి ఓడినవాని స్థితి ఎలా ఉండేదో! ఆనాటి ఫ్రేజర్ ధైర్యాన్ని క్రీడాలోకం ఎంతగా కొనియాడుతుందో, ఫచ్ కారుణ్యాన్ని కూడా అంతగానే కొనియాడుతుంది. కొడుకు కోపగించుకొంటాడని తెలిసి కూడా నిప్పు దగ్గరికి పోనివ్వని తండ్రి ప్రేమ వంటిది ఆ కారుణ్యం.

ఓటమిని ఒప్పుకోవడానికి ఒక్కొక్కప్పుడు ఏళ్లు పడుతుంది. 1974 అక్టోబరు 30న ఆఫ్రికాలోని కిన్షాసా నగరంలో జార్జ్ ఫోర్మన్ అలీ చేతిలో ఎనిమిదో రౌండులో ఓడిపోయాడు. బరి తాళ్లు వదులుగా ఉన్నాయనీ, రిఫరీ అంకెలు వేగంగా లెక్కించాడనీ, తన నీటిలో మందు కలిపారనీ అతడు పలు కారణాలు చెప్పాడు. ఆ చేదు అతడిని చాలాకాలం వెంటాడింది. కాలక్రమంలో అలీ తనకంటె బాగా పోరాడాడని ఒప్పుకొని, అతడికి ఆప్తమిత్రుడయ్యాడు. 1994లో 45 సంవత్సరాల వయసులో మళ్లీ ప్రపంచ విజేతగా నిలిచాడు. 2025లో మరణించేనాటికి ఫోర్మన్‌ను లోకం ప్రేమించింది. ఆ ప్రేమకు అతడి ముష్టిబలం ఎంత కారణమో, ఆ ఒప్పుకోలు కూడా అంతే కారణం.

అందరి విషయంలోనూ అంత కాలం పట్టదు. 2022 ఆగస్టు 20న జెడ్డా నగరంలో ఉక్రెయిన్ యోధుడు ఒలెక్సాండర్ ఉసిక్ చేతిలో రెండోసారి ఓడిన బ్రిటన్ యోధుడు ఆంథొనీ జాషువా ఆవేశం పట్టలేక విజేత పట్టీలను తీసి బరి వెలుపలికి విసిరాడు. కోపంతో వెళ్లిపోయి, తిరిగివచ్చి మైకు అందుకొని చాలాసేపు మాట్లాడాడు. స్వదేశం యుద్ధంలో చిక్కుకొనివుండగా వచ్చి గెలిచిన ఉసిక్‌కు చెందవలసిన ఘడియను జాషువా లాగుకొన్నాడని అనేకులు నొచ్చుకొన్నారు. దుఃఖంలో ఉన్న మనిషి మాటలను తూచరాదని మరికొందరు వాదించారు. కొద్దిసేపటికే పత్రికలవారి ఎదుట జాషువా కన్నీరు పెట్టుకొన్నాడు. ఆవేశంలో హద్దు మీరి, తనను తానే తక్కువ చేసుకొన్నానని తరవాత బహిరంగంగా ఒప్పుకొన్నాడు. ఆ ఒప్పుకోలుతో చాలామంది కోపం చల్లారింది. అభిమాని హృదయం కఠినమైనది కాదు. దానికి కావలసింది నిజం.

వైల్డర్ కథ కూడా 2020తో ముగియలేదు. 2021 అక్టోబరు 9న అతడు మూడోసారి ఫ్యూరీని ఎదుర్కొన్నాడు. మూడో రౌండులో తాను పడిపోయాడు. నాలుగో రౌండులో ఫ్యూరీని రెండుమార్లు పడగొట్టాడు. పదో రౌండులో మళ్లీ నేలకూలి, మళ్లీ లేచాడు. పదకొండో రౌండులో ఇక లేవలేకపోయాడు. ఆ రాత్రి ప్రత్యర్థి పలకరింపును అతడు స్వీకరించలేదు. కాని కొన్ని దినాలకు ఫ్యూరీని అభినందిస్తూ సందేశం పంపాడు. ఒకనాడు పరిహసించినవారు సైతం ఈసారి అతడి తెగువను మెచ్చుకొన్నారు. రెండో పోరులో ఓడినందుకు కాని, మూడో పోరులో ఓడినందుకు కాని ఎవరూ అతడిని తూలనాడలేదు. మధ్యలో పలికిన మాటలే అతడి కీర్తిని తగ్గించాయి. తరవాత చూపిన ధైర్యం దానిని తిరిగి నిలబెట్టింది. 2022లో స్వస్థలం టస్కలూసాలో అతడి విగ్రహం వెలిసింది.

ముష్టియుద్ధం మనకు దూరపు విషయం కాదు. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లోనూ, 2023లోనూ ప్రపంచ విజేతగా నిలిచినప్పుడు తెలుగువారందరూ పొంగిపోయారు. 2024 పారిస్ ఒలింపిక్ క్రీడలలో ఆమె చైనా క్రీడాకారిణి వూ యూ చేతిలో ఓడి, కన్నీళ్లతో దేశాన్ని క్షమించమని కోరింది. నిజానికి ఆమె మనకు క్షమాపణ చెప్పవలసిన అవసరమే లేదు. అయినా ఆమె నోట సాకు కాక ఆ మాట వెలువడింది. దానికి బదులుగా ఏమనాలో ఆలోచించుకోవలసినది మనం. గెలిచిననాడు "మన బిడ్డ" అని, ఓడిననాడు "ఆమె ఓడింది" అనడం అభిమానం కాదు. గెలుపులో పాలుపంచుకొన్నవాడు ఓటమిలోనూ పాలుపంచుకోవాలి.

గదాయుద్ధంలో నాభికి దిగువన కొట్టరాదన్నది నియమం. భీముడు ఆ నియమం తప్పి తొడలు విరుగగొట్టినప్పుడు బలరాముడు నాగలి ఎత్తి ఆగ్రహించాడు. ఓడినవాడు తన శిష్యుడు. గెలిచినవాడు కూడా శిష్యుడే. అయినా అతడు ఏ ఒక్కరి పక్షానా కాక నియమం పక్షాన నిలిచాడు. నేటి ముష్టియుద్ధంలోనూ నడుము పట్టీకి దిగువన కొట్టరాదన్న నియమం ఉంది. బరిలోని నియమాలను రిఫరీ కాపాడుతాడు. బరి వెలుపలి నియమాలను, అంటే గెలిచినవానిని గౌరవించడాన్ని, ఓడినవానిని ఆదుకోవడాన్ని, నిజం చెప్పడాన్ని కాపాడవలసినవాడు అభిమాని. పరీక్షలో తప్పిన మిత్రుడు ప్రశ్నపత్రాన్ని నిందిస్తూ వస్తే అతడితో కలిసి నిందించడం సులభం. అతడి భుజంపై చేయి వేసి, "ఎక్కడ తప్పామో చూద్దాం రా" అనడం కష్టం. ఆ కష్టమైన పని చేయగలవాడే నిజమైన అభిమాని, నిజమైన మిత్రుడు.

కఠిన పదాలు – అర్థాలు

ముష్టియుద్ధం = పిడికిళ్లతో చేసే పోరు, బాక్సింగ్
ప్రస్ఫుటం = మిక్కిలి స్పష్టం
మడుగు = లోతైన నీటి గుంట, హ్రదం
అక్షౌహిణి = సేనలో ఒక పరిమాణం
అగ్రగణ్యుడు = మొదట ఎన్నదగినవాడు
బరి = పోటీ జరిగే స్థలం
ప్రాధేయపడు = బతిమాలు
తూలనాడు = నిందించు
కారుణ్యం = దయ

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. డియాంటే వైల్డర్ పరాజయానంతర ప్రవర్తనను, దానికి అభిమానులు స్పందించిన తీరును వివరించండి.
2. ఓటమికి సాకు చెప్పడంవల్ల కలిగే నష్టాలను పాఠ్యభాగం ఆధారంగా విశ్లేషించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. శిక్షకుడు తువ్వాలు విసరడాన్ని రచయిత ఎలా సమర్థించారు?
2. జార్జ్ ఫోర్మన్ జీవితం ఏ సత్యాన్ని తెలియజేస్తున్నది?
3. 1910 నాటి సంఘటనను రచయిత అశ్వత్థామ వృత్తాంతంతో ఎందుకు పోల్చారు?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. పాటర్సన్ మారువేషం ధరించడానికి కారణమేమి?
2. విజేత పోటీలను పన్నెండు రౌండ్లకు తగ్గించడానికి దారితీసిన సంఘటన ఏది?
3. బలరాముడు ఎందుకు ఆగ్రహించాడు?